వేసిన సూది ఏమవుతది?

దగ్గరికి జరుగు పిల్లా. ఆ గోడవార కూర్చుంటే చలి నడుంలోకి దిగుతది, పొద్దున బడికి పోనని ఏడుస్తావు. చిన్నోడా, ఆ తాటిమట్ట ఇటు తోయి. అట్లా కాదురా, కొస ముందు పెట్టు. మొద్దు ముందు పెడితే పొగే గానీ మంట రాదు. చిలగడదుంపలని అప్పుడే కెలక్కండి, నివురు కింద పడుండనియ్యండి.

ఇందాక మీ అమ్మ ఫోన్లో వాదిస్తుంటే నా చెవినబడ్డది. నీకు గర్భసంచి మూతి క్యాన్సరు రాకుండా సూది వేయించాలంట. ఒక డాక్టరు రెండు డోసులు అన్నాడంట, ఇంకో డాక్టరమ్మ ఒకటి సరిపోతదన్నదంట. ఇద్దరూ చదువుకున్నోళ్లే గదా, మాట పొసగదేందని మీ అమ్మకి చిరాకు. నాకైతే నవ్వొచ్చింది. ఆ ‘ఒకటి సరిపోతది’ అన్న మాట వెనక ఎంత రభస ఉందో ఆమెకేం తెలుసు! సగంలో ఆగిపోయిన ఒక పరీక్ష ఉంది దాని వెనక. అది ఆగడానికి మన ఖమ్మం జిల్లాలో లేచిన గొడవే కారణం. నేనప్పుడు ఉద్యోగంలోనే ఉన్నా, ఇంకో మూడేళ్లకి రిటైరవుతాననగా.

మీకు నేను మంచం మీద కూర్చుని బీపీ మాత్ర మింగే అమ్మమ్మనే. ముప్పై నాలుగేళ్లు ఈ ఏజెన్సీ అంచున ఏఎన్‌ఎమ్‌గా తిరిగినదాన్ని నేను. భుజాన ఐసు డబ్బా, చేతిలో రిజిస్టరు. వాగొస్తే చెప్పులు చేతబట్టుకుని, డబ్బా నెత్తిన పెట్టుకుని దాటేదాన్ని. నేను తడిసినా ఏం కాదు, లోపల మందు వేడెక్కకూడదు. గూడేల్లో నా పేరు ఎవరికీ తెలియదు, ‘సూదమ్మ’ అనేవాళ్లు. పిల్లలు అన్నం తినకపోతే నన్ను చూపించి బెదిరించేవాళ్లు. నవ్వుతావేందిరా, నిన్ను కూడా ఒకప్పుడు అట్లానే బెదిరించి తినిపించింది మీ అమ్మ.

పరీక్ష అంటే మీ బడి పరీక్ష కాదు. కొత్త మందు పని చేస్తదా, హాని చేస్తదా అని మనుషుల మీద చూసే పరీక్ష. క్లినికల్ ట్రయల్ అంటారు. ఈ సంగతులన్నీ మా పీహెచ్‌సీలో ఉన్న ఒక డాక్టరుగారు చెప్పేవారు. జీపెక్కితే చాలు, దిగేదాకా పాఠమే. కాంపౌండరు నిద్రపోయేవాడు, నేను వినేదాన్ని. చీటీలు తీసినట్టు తీసి, కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అట్లానే ఉండే ఉత్త మాత్ర ఇస్తారంట. ఎవరికి ఏది పడ్డదో మింగేవాడికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతది గదా.

నాకు అక్కడే అనుమానం. "సార్, ఎవరికీ తెలియకపోతే, మధ్యలో ఒక వైపోళ్లు చచ్చిపోతున్నా చూస్తూ కూర్చుంటారా?" అన్నా. "కూర్చోరమ్మా. దానికి వేరే మనుషులుంటారు" అన్నారాయన. మందు కంపెనీకీ, వైద్యం చేసే డాక్టర్లకీ సంబంధం లేని నలుగురైదుగురు పెద్దలని ఒక కమిటీగా కూర్చోబెడతారు. రెండు వైపుల లెక్కలూ వాళ్ల ముందుకే వస్తాయి. ఇన్ని నెలలకోసారి చూడాలి, ఇంత తేడా కనబడితే ఆపెయ్యాలి అని ముందే రాసుకుంటారంట. నేను దాన్ని అన్నం వండటంగా అర్థం చేసుకున్నా. ఊరికే మూత తీస్తుంటే అన్నం ఉడకదు, అసలు తీయకపోతే అడుగంటుతది. ఎప్పుడు తీయాలో తెలిసినోళ్లే తీయాలి.

ఆయన చెప్పిన ఒక కథ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది. అమెరికాలో గుండెపోటొచ్చి బతికిన వాళ్లకి కొందరికి గుండె మధ్యమధ్యలో తప్పు దెబ్బ కొట్టేది. అట్లాంటి వాళ్లు హఠాత్తుగా పోయేది ఎక్కువ. తప్పు దెబ్బలని అణిచే మాత్రలున్నాయి, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అని. దెబ్బలు తగ్గితే చావులూ తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు గదా? డాక్టర్లూ అదే అనుకుని రాసిచ్చేవాళ్లు. పరీక్ష అవసరమే లేదన్నోళ్లు కూడా ఉన్నారంట. సరే, పరీక్ష పెట్టారు. 1989 ఏప్రిల్లో మూత తీసి చూస్తే తలకిందులైంది. లెక్క పూర్తిగా తేలినప్పుడు, మాత్ర మింగిన 755 మందిలో 63 మంది పోయారు. ఉత్త మాత్ర మింగిన 743 మందిలో పోయింది 26 మంది. ఈసీజీ కాయితం మీద గుండె కుదురుగా ఉంది, మంచం మీద మనిషి లేడు. అక్కడికక్కడే ఆపేశారు. ఆపకపోతే ఇంకెంతమంది పోయేవాళ్లో, పరీక్షే పెట్టకపోతే లెక్కే లేకుండా ఎంతమంది పోయేవాళ్లో.

మేలు కనబడి ఆగినవీ ఉన్నాయి. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులకి ఏజడ్‌టీ మందు ఇస్తే బిడ్డకి రాకుండా ఉంటదా అని అమెరికాలో, ఫ్రాన్సులో చూశారు. మందు లేని తల్లుల పిల్లల్లో నూటికి పాతికమందికి సోకితే, మందు మింగిన వాళ్ల పిల్లల్లో ఎనిమిది మందికే సోకింది. ఇంక దాచిపెట్టి చూడటం పాపమని 1994 ఫిబ్రవరిలో ఆపి, అందరికీ మందిచ్చేశారు. కొన్నేళ్లకి మన దగ్గర కూడా నొప్పులప్పుడు తల్లికి నెవిరపిన్ మాత్ర, పుట్టగానే బిడ్డకి చుక్కలు వచ్చాయి. మందు పేరు వేరే, దారి మాత్రం అదే. ఆ చుక్కలు ఈ చేత్తో వేశా. అందులో ఒక పిల్లాడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, కనబడితే ఆపి ఎక్కించుకుంటాడు, డబ్బులు తీసుకోడు. ఎందుకు తీసుకోడో వాడికి తెలియదు, వాళ్లమ్మ చెప్పిందంట తీసుకోవద్దని.

ఇవన్నీ తీరుగా ఆగినవి. మనది అట్లా ఆగలేదు.

2009 జులై. రాష్ట్రం ఒకటిగానే ఉంది, భద్రాచలం ఇంకా ఖమ్మం జిల్లాలోనే ఉంది. అమెరికాలో సియాటిల్ అనే ఊళ్లో ‘పాత్’ అనే సంస్థ ఉంది. వాళ్లూ, ఢిల్లీలోని వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆరూ, మన రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి ఒక కార్యక్రమం పెట్టారు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా, ఇప్పుడు నీకు వేయించాలంటున్నదే, ఆరు నెలల్లో మూడు సూదులు. మన దగ్గర భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. గుజరాత్‌లో వడోదర. అక్కడ వేసింది సెర్వారిక్స్ అనే రకం, ఇక్కడ వేసింది గార్డసిల్. కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. మన జిల్లాలో వేయించుకున్న పిల్లలు ఇంచుమించు 14 వేల మంది.

నాది ఆ మూడు మండలాల్లో కాదు. ఆ సూది నేను ఒక్కరికీ వేయలేదు. కానీ మా గూడేల పిల్లలు అక్కడి ఆశ్రమ పాఠశాలల్లో చదివేవాళ్లు, సెలవులకి ఇంటికొచ్చేవాళ్లు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించేవాళ్లు, ఇక్కడ వేశారు సూదమ్మా అని.

టీకా చెడ్డదని నేను అననే అనను, ముందే చెబుతున్నా. ఆ క్యాన్సరు ఎట్లా ఉంటదో చూసినదాన్ని. ఒకసారి మా పక్క ఊరి ఆమెని హైదరాబాదులో రెడ్‌హిల్స్ దగ్గర ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకుపోయా. నలభై ఏళ్లు కూడా లేవు. బస్సులో ఎవరూ పక్కన కూర్చోలేదు, అంత వాసన. సిగ్గుపడి ఏడాదిపాటు మొగుడికి కూడా చెప్పలేదంట. అట్లాంటి జబ్బుకి సూది ఉందంటే నేను ఎగిరి గంతేశా. గిరిజన పిల్లలకి ముందు వస్తున్నదంటే, మంచిది పట్నమోళ్లకే ఎందుకు ముందు రావాలి అనుకున్నా. ఇప్పటికీ అదే అంటా.

తిరకాసంతా అడగడం దగ్గరుంది.

పిల్లకి సూది వేయాలంటే తల్లిదండ్రులకి చెప్పాలి, వాళ్లు ఒప్పుకోవాలి. హాస్టల్లో ఉండే పిల్ల తల్లి ఎక్కడ? ముప్పై కిలోమీటర్ల అవతల, బస్సు దిగి మళ్లీ నడిచిపోయే గూడెంలో. వార్డెను ఎక్కడ? ఎదురుగానే. సంతకం ఎవరిది సులువు, మీరే చెప్పండి. తర్వాత పార్లమెంటు కమిటీ లెక్క తీసింది. మన రాష్ట్రంలో 9,543 ఒప్పుకోలు కాయితాలు చూస్తే, 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఆ రిపోర్టుని మీ మామయ్య కంప్యూటర్లో తెరిచి నాకు చదివి వినిపించాడు. 2,763 అన్నప్పుడు ఆగమన్నా. మళ్లీ చదవమన్నా.

వార్డెన్లని తిట్టడం తేలిక. నేను తిట్టలేను. ఎందుకో చెబుతా, నవ్వకండి, మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి టార్గెట్లు ఉండేవి. నెలకి ఇన్ని కేసులు తేవాలి, లేకపోతే జీతం ఆగుతది, మీటింగులో నిలబెట్టి అడుగుతారు. క్యాంపు రోజు ఆడవాళ్లు బారులు తీరి నేల మీద కూర్చునేవాళ్లు. నా సంచిలో స్టాంపు ప్యాడు ఉండేది, ఊదారంగుది, రేకు డబ్బాది. బొటనవేలు పట్టుకోవడం, ప్యాడు మీద ఒత్తడం, కాయితం మీద ఒత్తడం. నా వేళ్లు కూడా ఊదాగా ఉండేవి, అన్నంలో కూడా ఆ రంగే. కాయితం మీద ఏం రాసుందో నేనొక్కసారి కూడా పైకి చదవలేదు. ఒకామె చెయ్యి వెనక్కి లాక్కుని, "దేనికి నర్సమ్మా ఇది?" అనడిగింది. "అన్నీ నీ మంచికేలే, వెయ్యి" అన్నా. వేసింది. ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు, నోటికి అట్లా వచ్చేసింది. మంచిదని నాకు తెలుసు, ఇంక ఆమెకి తెలియాల్సిన పనేముంది అనుకున్నా. వార్డెన్లూ అంతే అనుకుని ఉంటారు. సర్కారు పంపింది, డాక్టర్లు వచ్చారు, పిల్లలకి మంచిది. పెన్ను చేతిలో పెట్టారు.

ఆ దుంపలు మాడుతున్నట్టున్నాయి, ఒకసారి తిప్పు. చెయ్యి పెట్టకురా, పుల్లతో.

2010 మార్చిలో ఢిల్లీ నుంచి ‘సమ’ అనే సంస్థ ఆడవాళ్లు భద్రాచలం వచ్చారు. హాస్టళ్లకి పోయారు, పిల్లలనీ తల్లులనీ కూర్చోబెట్టి అడిగారు. అప్పటికే కొందరు పిల్లలు చనిపోయారన్న మాట బయటికొచ్చింది. పేపర్లలో రోజూ అదే. పార్లమెంటులో లేచింది. ఏప్రిల్లో ఢిల్లీ నుంచి ఆపమని కబురొచ్చింది, ఆగిపోయింది. లెక్కలు చూసే కమిటీ మూత తీసి ఆపలేదు మరి. జనం అరిస్తే ఆగింది.

చనిపోయింది ఏడుగురు, మన దగ్గర ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కొక్కటీ చూసింది. ఒక పిల్ల నీళ్లలో మునిగింది. ఒకరిని పాము కరిచింది. పురుగుల మందు తాగినవి, మలేరియా జ్వరాలు. టీకాకీ చావులకీ సంబంధం ఉన్నట్టు కనబడలేదని 2011లో చెప్పింది. ఒప్పుకోలు తీసుకున్న పద్ధతిలో మాత్రం లోపాలున్నాయన్నది. నాకా మాట నమ్మకంగానే అనిపించింది, ఎందుకంటే ఆ చావులు నాకు తెలిసిన చావులే. సూది లేనప్పుడు కూడా మన ఏజెన్సీలో ఆడపిల్లలు పామూ జ్వరమూ పురుగుల మందుతోనే పోయేవాళ్లు, ఎవరూ ఢిల్లీ నుంచి వచ్చి లెక్క అడగలేదు. కానీ ఒకటి. వేసిన సూదికి ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి, ఎవరు రాసుకోవాలి, ఎవరు చూడాలి అన్న ఏర్పాటు సరిగ్గా లేదు. అది లేనప్పుడు ‘సంబంధం లేదు’ అని ఎంత గట్టిగా చెప్పినా తల్లి చెవికి ఎక్కదు.

దాని పేరు మీదే పెద్ద పేచీ. పాత్ వాళ్లు దాన్ని ట్రయల్ అనలేదు. లైసెన్సు ఉన్న టీకానే గదా, ఊళ్లల్లో ఎట్లా వేయొచ్చో చూస్తున్నాం, పరిశీలన అధ్యయనం అన్నారు. ట్రయల్ కాకపోతే ట్రయల్‌కుండే రూళ్లు అక్కర్లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో, ఇది ముమ్మాటికీ మనుషుల మీద చేసిన ట్రయలేనని తేల్చి చెప్పి, అందరికీ చీవాట్లు పెట్టింది. సుప్రీంకోర్టుకీ పోయింది, కల్పనా మెహతా అని ఆవిడా ఇంకొందరూ కేసు వేశారు. అక్కడ ఇంకో కొత్త చిక్కు, పార్లమెంటు కమిటీ రిపోర్టుని కోర్టులో చూపించొచ్చా లేదా అని. 2018 మేలో ఐదుగురు జడ్జీలు కూర్చుని, చూడొచ్చు గానీ అది తప్పని కోర్టులో కొట్లాడకూడదని చెప్పారు. చూశారా, భద్రాచలం హాస్టల్ పిల్లల సూది ఎక్కడిదాకా పోయిందో!

ఆ 2010 ఎండాకాలంలో మాత్రం నాకు నరకమే. సంచి పట్టుకుని గూడెంలో అడుగు పెడితే తడికెలు పడేవి. పోలియో చుక్కలకి కూడా పిల్లల్ని దాచారు. ఇరవై ఏళ్లు నాచేత సూదులు వేయించుకున్న ఆడవాళ్లే, "ఇదీ ఆ సూదేనా?" అని అడిగారు.

ఒక కోయ తల్లి నా సబ్ సెంటరుకి వచ్చింది. పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు సూదులు పడ్డాయి, మూడోది వేసే రోజు పిల్లకి జ్వరమని ఇంటికి తెచ్చుకున్నదంట. తర్వాత ఆగిపోయిందని విన్నది. ఆమె కోపంగా లేదు. మెల్లగా అడిగింది. "ఆపేశారంట గదా. సరే. మరి వేసిన సూది ఏమవుతది?"

నా దగ్గర జవాబు లేదు. చేతిలో ఒక్క కాయితం లేదు, పైనుంచి ఒక్క ఉత్తర్వు లేదు. ఆ రెండు పనికొస్తాయా, దండగా, పిల్లకేమైనా అవుతదా? ‘ఏం కాదులే’ అని నోటిదాకా వచ్చింది. మింగేశా. "నాకు తెలియదమ్మా" అన్నా. ముప్పై ఏళ్లలో ఆ మాట మొదటిసారి అన్నా. ఆమె కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, వెళ్లిపోయింది.

అసలు కథ ఇప్పుడొస్తది, వినండి.

మన దగ్గర ఇది నడుస్తున్నప్పుడే ఇంకో పరీక్ష నడుస్తున్నది, పేరున్న పరీక్షే, చీటీలు తీసే పరీక్షే. ఫ్రాన్సులో లియోన్ అనే ఊళ్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సరు పరిశోధన కేంద్రం ఉంది. అప్పట్లో అక్కడ పనిచేసిన శంకరనారాయణన్ అనే మనదేశపు డాక్టరు దానికి పెద్ద. 2009 సెప్టెంబరులో మొదలుపెట్టారు. దేశంలో తొమ్మిది చోట్ల. హైదరాబాదులో నేను చెప్పిన ఎంఎన్‌జే ఆస్పత్రి ఒకటి. ఇంకా ముంబై, పుణె, బార్షీ, అహ్మదాబాదు, ఢిల్లీ, తమిళనాడులో అంబిలిక్కై, మిజోరం, సిక్కిం. పెళ్లికాని పిల్లలు, పది నుంచి పద్దెనిమిదేళ్లు, మొత్తం 20 వేల మంది కావాలి. వాళ్లు అడిగిన ప్రశ్న చిన్నది. మూడు సూదులు వేయాలా, రెండు సరిపోతాయా? సూది ఖరీదు చూస్తే అది పేదోళ్ల ప్రశ్నే.

ఖమ్మం గొడవ లేచాక ఢిల్లీ సర్కారు దేశంలో హెచ్‌పీవీ టీకా పరీక్షలన్నీ ఆపమన్నది. దీన్నీ ఆపేశారు, 2010 ఏప్రిల్లోనే. దీనిలో ఏదో హాని కనబడిందని కాదు. పక్కింట్లో నిప్పంటుకుంటే మన పొయ్యి కూడా ఆర్పినట్టు. అప్పటికి 17,729 మందికి సూదులు మొదలయ్యాయి. చీటీల్లో రెండు రకాలే ఉన్నాయి గానీ, ఆ రోజు ఎక్కడివాళ్లు అక్కడ ఆగేసరికి నాలుగు రకాలైపోయారు. మూడు సూదులూ పడ్డోళ్లు 4,348. ఆరు నెలల ఎడంతో రెండు పడ్డోళ్లు 4,979. మూడు పడాల్సి ఉండి, రెండు నెలల్లో పడిన రెండుతోనే ఆగిపోయినోళ్లు 3,452. ఒక్కటంటే ఒక్కటే పడ్డోళ్లు 4,950.

మన కోయ తల్లి ప్రశ్నే. ఐదు వేల ఇళ్లల్లో అదే ప్రశ్న. ఆపేశారు, మరి వేసింది ఏమవుతది?

చాలామందైతే సంచి సర్దుకుని వెళ్లిపోతారు. పరీక్ష చెడిపోయింది, ఇంకేం తేలుతది అంటారు. వీళ్లు పోలేదు. సూదులు ఆగాయి గానీ వాళ్లు ఇళ్లకి తిరగడం ఆపలేదు. ఏటేటా పోయి చూశారు, నెత్తురు తీసి చూశారు. ఆ క్యాన్సరు తెచ్చే వైరసు పట్టుకున్నదో లేదో తెలియాలంటే లోపలి నుంచి పరీక్షకి తీయాలి, పెళ్లికాని పిల్లల దగ్గర మన దేశంలో ఎట్లా తీస్తారు? ఆగారు. పిల్లకి పెళ్లయ్యేదాకా ఆగారు. పెళ్లయిన పద్దెనిమిది నెలలకి, లేకపోతే మొదటి కాన్పయిన ఆరు నెలలకి, ఏది ముందైతే అప్పుడు పోయి అడిగి తీసుకున్నారు. అత్తారిల్లు వేరే ఊరైతే ఆ ఊరు పోవాలి. నాకు ఆ పనిలో కష్టం తెలుసు. పెళ్లయి పోయిన పిల్ల అడ్రసు పట్టుకోవడం, అత్త ముందు నోరు విప్పించడం, మళ్లీ ఇంకో ఏడు రావడం. పెద్ద పెద్ద పేర్లు పత్రికల్లో పడతాయి గానీ, ఆ తలుపులు కొట్టింది నాలాంటి సూదమ్మలే అయి ఉంటారు.

పదేళ్లు తిరిగారు. 2021లో లెక్క బయటపెట్టారు. ఆ క్యాన్సరు తెచ్చే ముఖ్యమైన రెండు రకాల వైరసులు ఒంట్లో తిష్ట వేయకుండా, మూడు సూదులు నూటికి 93 వంతులు కాపాడాయి. రెండు కూడా 93. ఒక్కటి, 95. తేడా లేదన్నమాట! అనుకోకుండా ఆగిపోయినందుకు, ఎవరూ అడగని ప్రశ్నకి జవాబొచ్చింది. ఒక్క సూదితో వదిలేసే పరీక్ష పెడతామని ముందే అడిగి ఉంటే ఏ కమిటీ కూడా ఒప్పుకునేది కాదేమో.

మధ్య అమెరికాలో కోస్టారికా అనే దేశంలో కూడా ఇట్లానే, మూడూ వేయించుకోలేకపోయిన ఆడవాళ్లని చూస్తే ఒక్కటి పడ్డోళ్లకీ కాపుదల కనబడ్డదంట. ఈ రెండు చోట్లా చీటీలు తీసి ఒక్కటి వేయలేదు గదా, అందుకని కొందరు పెద్దలు తల ఊపలేదు. తర్వాత కెన్యాలో సరిగ్గా చీటీలు తీసి చూశారు, నిజమేనని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇరవై ఏళ్ల లోపు ఆడపిల్లలకి ఒకటి గానీ రెండు గానీ వేయొచ్చని చెప్పింది. కాబట్టి మీ అమ్మతో వాదించిన ఇద్దరు డాక్టర్లూ అబద్ధం చెప్పలేదు. ఒకాయన పాత పుస్తకం, ఒకామె కొత్త పుస్తకం.

ఇది విన్నప్పుడు సంతోషం వేసింది, వెంటనే గుండెలో ముల్లు కూడా గుచ్చుకుంది. జవాబు దొరికింది గానీ అడిగినామెకి ఎవరు చెప్పాలి? అప్పటికి నేను రిటైరై ఎనిమిదేళ్లు. మీ మామయ్య బండి మీద ఆ గూడెం పోయా. వాళ్లు పొలం పనులకి వలస పోయారు, ఎటు పోయారో చెప్పేవాళ్లు లేరు. ఆ పిల్లకి ఇప్పుడు పెళ్లయి పిల్లలు కూడా ఉండి ఉంటారు. రెండు సూదులు పడ్డాయి, నీకేం భయం లేదు తల్లీ అని చెబుదామని పోయా. తాళం వేసిన తడిక చూసి వచ్చా.

2013 చివర్లో రూలు పెట్టారు, కొత్త మందు పరీక్షలకి ఒప్పుకోలు తీసుకునేటప్పుడు వీడియో తీయాలని. మంచిదే. కానీ మనిషి తల ఊపింది వీడియోలో పడుతది, అర్థమై ఊపిందో భయపడి ఊపిందో ఎట్లా పడుతది? నేను ఊపించిన తలలెన్ని!

అదిగో, దుంప ఉడికింది, పుల్ల దిగింది చూడు. ఊదుకుని తినండి. పొట్టు తీయరా, బొగ్గు మింగుతావు.

నీ సంగతి చెబుతా విను పిల్లా. ఎల్లుండి మీ అమ్మ సూదికి తీసుకుపోతది. వేయించుకో, నేనూ వస్తా. అక్కడ కాయితం ఇస్తే మీ అమ్మ గబగబా సంతకం పెట్టేస్తది, ఆమెకి ఆఫీసు టైము. నువ్వు ఏడో తరగతి చదువుతున్నావు, నువ్వు చదువు. అర్థం కాని మాట దగ్గర ఆగి అడుగు. డాక్టరమ్మ విసుక్కుంటే విసుక్కోనీ. ఆమెకి నా వయసొచ్చాక నాలాగా రాత్రిళ్లు...

ఏయ్ చిన్నోడా! ఏందిరా అది? ఆ బొగ్గు వేళ్లతో ఏం చేస్తున్నావు? అక్క నోట్సు మీద వేలిముద్రలు వేస్తున్నావా? నోట్సు కాదా, మరేంది? ఎక్కడిదిరా ఆ కాయితం, నా సంచిలోదా? దేని మీద వేశావో చూశావా అసలు?

తే ఇటు. మంట దగ్గరికి తే, నాకు కళ్లు ఆనడం లేదు. అక్కకివ్వు, అక్క చదువుతది.